తులసమ్మకు రాత్రి డ్యూటీ

సంచిలో మొదట ఫ్లాస్కు పెట్టింది భ్రమరాంబ. దాని పక్కన రెండు నేత చీరలు, తువ్వాలు, దువ్వెన, స్టీలు గ్లాసు, చెంచా, మిరియాల పొడి పొట్లం సర్దింది. చివరికి టార్చిలైటు పెట్టింది. అది వెలగదు. అయినా పెట్టింది. అన్నీ సర్దాక ఏదో మరిచిపోయానని అనుమానం వచ్చి, అన్నీ బయటికి తీసి మళ్లీ మొదటినుంచీ సర్దింది.

"ఆస్పత్రికా, కాశీకా?" అంది చెల్లెలు మాణిక్యం, మంచం మీద కూర్చుని దగ్గుతూ.

"శుభమా అని బయల్దేరుతుంటే కాశీ మాటెందుకే?"

"పోనీ, అన్నవరం అనుకో. రాత్రికి కొండ మీదే నిద్ర."

మాణిక్యానికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. కొన్నాళ్లు పెద్దాస్పత్రిలో ఉండాలన్నాడు డాక్టరు. అక్కచెల్లెళ్లిద్దరూ విధవలు, ఒకే వాటాలో అద్దెకుంటున్నారు. దసరా వెళ్లింది, కార్తీకం వస్తోందని మాణిక్యం దీపాలకి వత్తులు చేసుకుంటోంది. సగం దూది వత్తులైంది, సగం దూదిగానే ఉంది. ఆస్పత్రిలో పొద్దుపోతుందని ఆ దూది కూడా సంచిలో పడెయ్యబోయింది.

భ్రమరాంబ చేతిలోంచి లాగేసుకుంది. "అది ఇక్కడే ఉండాలి."

"ఎందుకుట?"

"సగంలో వదిలేసిన పని మనిషిని వెనక్కి లాక్కొస్తుంది."

ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. భ్రమరాంబ తన డెబ్బై ఏళ్ల బతుకులో తనే రాసుకున్న శాస్త్రం. అందులో రెండో సూత్రం ఇంకా గట్టిది: ఆస్పత్రిలో మనవాళ్లని రాత్రిపూట ఒంటరిగా వదలకూడదు. భర్త ఇదే ఆస్పత్రిలో ఉన్నప్పుడు, "ఇంటికెళ్లి స్నానం చేసి, పొద్దున్నే రా. నేనెక్కడికి పోతాను?" అన్నాడు. ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఈ రోజుకీ ఎక్కడైనా తెల్లగా ఉతికిన దుప్పటి కనిపిస్తే ఆవిడ తల తిప్పుకుంటుంది.

ఆడవాళ్ల వార్డులో గుమ్మం పక్క మంచం దొరికింది. కిటికీలు చాలానే ఉన్నాయి గానీ, అన్నిటికీ మేకులు కొట్టేసి ఉన్నాయి. అది రెండేళ్ల కిందటి దోమల సర్క్యులరు. ప్రతి మంచం పక్కనా ఒక కుండీ, అందులో ఒక మొక్క. అది నిరుటి పచ్చదనం సర్క్యులరు. మంచం కన్నా మొక్కే బాగుందంది మాణిక్యం.

సాయంత్రం ఆరయ్యేసరికి గంట మోగింది. నూకరత్నమనే ఆయా వచ్చి, చీర బిగించి, ఒక్కొక్క కుండీనే చంకనెత్తుకుని పెరట్లోకి మొయ్యడం మొదలెట్టింది.

"ఎక్కడికమ్మా వాటిని?" అంది భ్రమరాంబ.

"బయటికండి. ఆరు దాటితే ఈటికి లోపల ఉండే రైటు లేదండి."

"ఏం చేశాయి పాపం?"

"రేత్రయితే ప్లేటు పిరాయిస్తాయంటండి. పగలంతా మనకి ఆక్సిజనిచ్చి, చీకటి పడగానే మనదే లాగేస్తాయంట. పెద్దడాట్రుగారు రాజధాని ఎల్లి టైనింగయి వచ్చేరు లెండి. ఆయ్. అప్పట్నించీ నా నడుం ఇలాగయిపోయింది. పొద్దున్నే మళ్లీ లోపలెట్టాలి."

గోడ మీద సర్క్యులరు అంటించి ఉంది. చేతికందిన కాగితమల్లా చదివే అలవాటు భ్రమరాంబది. పెసరపప్పు పొట్లం విప్పినా, పప్పు డబ్బాలో పోశాక కాగితం చదివి గానీ పారెయ్యదు. కళ్లజోడు పెట్టుకుని ఇదీ చదివింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సాయంత్రము ఆరు గంటల అనంతరము వార్డునందలి సమస్త మొక్కలును తమ ఉత్పాదక విధులను విరమించి కేవల వినియోగదారులుగా పరిణమించుచున్నందున, రోగుల వాటాకు రావలసిన ప్రాణవాయువునకు భంగము వాటిల్లకుండుటకై వాటిని ఆరుబయటికి తరలించవలెను."

"బాగానే ఉంది. మనల్ని పొమ్మనలేదు," అని ఊపిరి పీల్చుకుంది భ్రమరాంబ.

ఆ ఊపిరే కొంప ముంచింది. సూపరింటెండెంటు వామనమూర్తిగారు అప్పుడే రౌండ్సుకొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొట్టిమనిషి. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు. ఆవిడ నిండుగా గాలి పీల్చి వదలడం ఆయన కళ్లారా చూశారు. ఆయన ముఖంలో ఏదో కొత్త వెలుగొచ్చింది.

"ఈవిడెవరు?"

"పేషంటుగారి అక్కగారండి. రేత్రికి తోడుంటారంట," అంది నూకరత్నం.

"తోడు," అన్నారాయన నెమ్మదిగా. "మొక్క కనీసం పగలైనా ఉత్పత్తి చేస్తుంది. ఈవిడ పగలూ చెయ్యరు, రాత్రీ చెయ్యరు. అంటే ఇరవైనాలుగు గంటలూ వినియోగమే! ఈ కోణం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు."

మర్నాడు మధ్యాహ్నానికి రెండో సర్క్యులరు వచ్చింది. రోగులకు తోడుగా వచ్చేవాళ్లు ఇకనుంచి "నిరర్థక శ్వాసదారులు". సాయంత్రం గంట మోగగానే మొక్కలతోపాటు వాళ్లూ వెళ్లిపోవాలి.

భ్రమరాంబ ఆ కాగితం చదివి లేచింది. సూపరింటెండెంటుగారి గది ముందు నిలబడి, లోపలికి పిలవగానే అడిగేసింది.

"బాబూ, నేను చాలా తక్కువ పీలుస్తానండి. చిన్నప్పట్నించీ అంతే."

ఆయన జాలిగా నవ్వారు. "అమ్మా, అది మీ చేతుల్లో లేదు. మీ శరీరంలో కోటానుకోట్ల కణాలున్నాయి. ప్రతి కణమూ ఒక చిన్న పొయ్యి. మీరు తిన్న అన్నమే దానికి కట్టె. ఆ కట్టె మండాలంటే ఆక్సిజన్ కావాలి. ఆ మంటలోంచి వచ్చే శక్తితోనే మీరు నడుస్తున్నారు, నాతో మాట్లాడుతున్నారు. మీరు ముక్కు మూసుకు కూర్చున్నా ఆ పొయ్యి ఆరదు."

"ఆరకపోవడమే మంచిది గదా బాబూ."

"మీకు మంచిదే. వార్డు సమతుల్యతకి మంచిది కాదు."

ఆయన చెప్పిన శాస్త్రంలో తప్పేమీ లేదు. అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది. శాస్త్రం తప్పయితే దెబ్బలాడచ్చు.

తిరిగొచ్చి సంచి సర్దబోయింది. అడుగున కొబ్బరికాయ చుట్టుకొచ్చిన కాగితం ముక్కొకటి దొరికింది. ఏదో భక్తి పత్రికలోది. అలవాటు చొప్పున చదివింది. "తులసి ఇరవైనాలుగు గంటలూ ప్రాణవాయువునే ప్రసాదించును" అని ఉంది.

"మాణిక్యం! తులసి రాత్రి కూడా ఇస్తుందిట."

"ఎవరు చూశారుట?"

"అచ్చులో ఉంది."

"అచ్చులో ఇందాక నువ్వు నిరర్థకమని కూడా ఉంది," అంది మాణిక్యం.

సాయంత్రం గంటకి ముందే భ్రమరాంబ నూకరత్నం ఇంటి పెరట్లోంచి ఒక తులసి కుండీ తెచ్చి చెల్లెలి మంచం పక్కన పెట్టింది. కుండీకి పసుపు రాసి బొట్టు పెట్టింది. వామనమూర్తిగారు రౌండ్సుకొచ్చి, దాన్ని చూసి, తనకి తెలీకుండానే చెప్పులు విడిచేశారు. తరవాత కాగితం ముక్క చదివారు. తులసిని బయటికి గెంటిన అధికారిగా ఊళ్లో పేరు తెచ్చుకోవడం ఆయనకిష్టం లేదు.

"సరే. తులసిని రాత్రి డ్యూటీకి అర్హత గల మొక్కగా గుర్తిస్తున్నాం."

"మరి తులసమ్మని వొంటరిగా వదలకూడదు కదండి. దీపం పెట్టాలి, నీళ్లు పొయ్యాలి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి," అంది భ్రమరాంబ.

ఆయన ఆలోచించారు. "కుండీకి ఒక సంరక్షకురాలు చొప్పున అనుమతిస్తున్నాం. ఆమె వినియోగాన్ని తులసి ఉత్పత్తిలో సర్దుబాటు చెయ్యండి."

ఆ రాత్రి భ్రమరాంబ మంచం పక్కనే చాప వేసుకుంది. నిద్రమత్తులో తనకి తెలీకుండా ఏదైనా జరిగిపోతుందేమోనని, తన చీరకొంగూ చెల్లెలి చీరకొంగూ కలిపి ముడేసింది.

"ఇదేమిటే, ఈ వయసులో నాకు మళ్లీ పెళ్లా?" అంది మాణిక్యం. "అదీ నీతోనా? కాస్త మంచి సంబంధం చూడవే."

"నోరు మూసుకుని పడుకో. కదిలితే నాకు తెలియాలి."

కిటుకు దాగలేదు. మర్నాటి సాయంత్రానికి వార్డులోకి ఊరేగింపులాగా తులసి కుండీలొచ్చాయి. ఎదురు మంచం మస్తాన్‌బీ కూతురు కూడా ఒకటి తెచ్చింది. "మా అమ్మ కోసరం ఏ మొక్కకైనా నీళ్లు పోస్తా," అంది. ఊళ్లో తులసి కోటలు బోసిపోయాయి. మొక్కలు దొరక్క ఎవరో తులసిలాగే ఉండే రుద్రజడ తెచ్చి తులసేనని బొంకితే, నూకరత్నం ఆకు నలిపి వాసన చూసి గుమ్మం దగ్గరే ఆపేసింది. వార్డులో మందుల కంపు పోయి కషాయం వాసన వచ్చింది. రాత్రి డ్యూటీ మొక్కలున్న ఆస్పత్రి దేశంలో ఇదొక్కటేనని వామనమూర్తిగారు పై అధికారులకి రాసుకున్నారు. "శుద్ధవాయు పురస్కారం" కోసం తనిఖీ బృందం వస్తుందని జవాబొచ్చింది.

బృందం రాకముందే ఒక నిపుణుడి చేత ఔననిపించుకుంటే మంచిదని, ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఫణిభూషణంగారిని పిలిపించారు. అక్కడే పొరపాటు జరిగింది. ఫణిభూషణంగారికి నిజంగానే వృక్షశాస్త్రం వచ్చు.

ఆయన వార్డంతా చూసి తల గోక్కున్నారు. "తులసి ఆరోగ్యానికి మంచిదే గానీండీ, వెలుతురు లేకపోతే ఆక్సిజన్ ఇవ్వదు. రాత్రి అది కూడా మనలాగే పీలుస్తుంది."

వార్డంతా కుండీలకేసి తిరిగి చూసింది.

"ఆ మాటకొస్తే, పగలు కూడా పీలుస్తుంది."

"పగలా?" అన్నారు వామనమూర్తిగారు. "డ్యూటీలో ఉండగానా?"

"ఆకు పగలు ఎండతో వండుకుంటుందండి. గాలిలోంచి కార్బన్ డయాక్సైడు, వేళ్లలోంచి నీళ్లు తీసుకుని చక్కెర తయారుచేస్తుంది. ఆ వంటలో మిగిలిన ఆక్సిజనే బయటికొస్తుంది. అయితే వండింది తినాలి కదా? తిన్నది మండించుకుంటే గానీ శక్తి రాదు. దానికి పగలూ రాత్రీ లేదు. బతికున్న ప్రతి కణమూ ఎల్లవేళలా శ్వాసిస్తూనే ఉంటుంది. పగలు ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ కాబట్టి మనకి తెలీదు."

"మా అక్కలాగే," అంది మాణిక్యం పక్కమీంచి. "పగలంతా వండుతుంది. అర్ధరాత్రి లేచి డబ్బాలు మోగిస్తుంది."

వామనమూర్తిగారు నవ్వలేదు. "అంటే ఒక చేత్తో ఇస్తూ, అదే సమయంలో రెండో చేత్తో తీసుకుంటోంది. దీన్ని మా శాఖలో ఏమంటారో తెలుసా?"

"దీన్ని మా శాఖలో బతకడమంటారండి," అన్నారు ఫణిభూషణంగారు. "అయినా ఒక కుండీ మొక్క రాత్రంతా పీల్చేది ఏపాటి? మనిషి పీల్చేదాంట్లో పిసరంత కూడా కాదు. ఆ కిటికీలు తెరవండి, చాలు."

"కిటికీల మాట ఎత్తకండి. దోమల సర్క్యులరు అమల్లో ఉంది."

"పోనీ తలుపు?"

"పిల్లి సర్క్యులరు."

మర్నాడు కుండీలన్నిటికీ సంజాయిషీ నోటీసులొచ్చాయి. దారం లేదని నూకరత్నం ఒక్కొక్కటీ దెబ్బలకేసే ప్లాస్టరుతో అంటించింది.

"మీరు పగటి విధులలో ఉండగా, ప్రాణవాయువును విడుదల చేయుచున్నట్లు పైకి కనబడుచు, అదే సమయమున గుట్టుచప్పుడు కాకుండా శ్వాసించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. మీపై చర్య ఏల తీసుకొనరాదో రేపు సాయంత్రములోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను."

"ఏవమ్మా, చదివేవా?" అంది నూకరత్నం తులసమ్మతో. "అందినట్టు ఏలుముద్దరెయ్యి మరి."

గడువులోగా ఒక్క మొక్కా జవాబివ్వలేదు. నేరం ఒప్పుకున్నట్టే భావించి అన్నిటినీ సస్పెండు చేశారు. తులసిని మాత్రం, ప్రజల మనోభావాల దృష్ట్యా, దీర్ఘకాలిక సెలవు మీద పంపారు. వేటు పడ్డవీ సెలవు మీదున్నవీ అన్నీ పెరట్లో బాదం చెట్టు కిందికి చేరాయి. కుండీలు పోతే సంరక్షకురాళ్లూ పోవాల్సిందే. అయితే ఆ సర్క్యులరు టైపవుతుండగానే తనిఖీ బృందం ఎల్లుండి వస్తోందని కబురొచ్చింది. ఆలోగా వార్డు గాలి శుద్ధంగా తేలాలి, సంరక్షకురాళ్ల కన్నా అది పెద్ద సమస్య.

వామనమూర్తిగారు వార్డు మధ్యలో నిలబడి చుట్టూ చూశారు. మొక్కలు లేవు. ఇంకా ఎవరు పీలుస్తున్నారు? తోడొచ్చినవాళ్లు. నర్సులు. డాక్టర్లు. ఆయన చూపు మెల్లగా మంచాల మీదికి దిగింది. అందరూ దగ్గుతున్నారు. దగ్గుకి ముందు అందరూ బారెడు గాలి పీలుస్తున్నారు.

"అసలు వినియోగదారులు వీళ్లే," అన్నారాయన, పక్కనున్న నర్సుతో. "ఇన్నాళ్లూ చెట్టు వెతుక్కుంటూ అడవిని మరిచిపోయాం!"

సాయంత్రానికి చివరి సర్క్యులరు వచ్చింది. "వార్డునందలి వాయువును తనిఖీ నిమిత్తము నిర్మలముగా భద్రపరచవలసియున్నందున, వార్డునందు జరుగుచున్న శ్వాస కార్యక్రమములన్నియు తాత్కాలికముగా పెరటిలోనికి మార్చడమైనది."

"అంటే?" అంది మాణిక్యం.

"అంటే మిమ్మల్ని మంచాలతో సహా బయటేత్తన్నారండి," అంది నూకరత్నం. "కుండీలకన్నా మీరు బరువు. నా నడుం సంగతి ఆ బగమంతుడికే ఎరిక."

భ్రమరాంబ వామనమూర్తిగారికి అడ్డం వెళ్లి చేతులు జోడించింది. "బాబూ, పెరట్లో అయితే... ఆరు దాటాక మేం ఉండచ్చాండి?"

ఆయన మనసులో సర్క్యులర్లన్నీ తిరగేశారు. ఆరుబయట గాలి మీద ఏ సర్క్యులరూ లేదు. ఆకాశానికి పైకప్పు లేదు, తలుపు లేదు, కొలత లేదు.

"ఆరుబయలు మా పరిధిలోకి రాదమ్మా," అన్నారు చివరికి. "అక్కడ ఎవరెంత పీల్చుకున్నా మాకు సంబంధం లేదు."

భ్రమరాంబ ఆయన్ని నిండు నూరేళ్లూ బతకమని దీవించింది.

సందె వేళకి పెరడంతా మంచాలు. వార్డుకి తాళం వేసి, తలుపు సందుల్లో దూది కుక్కి, లక్క ముద్ర కొట్టారు. బాదం చెట్టు కింద సస్పెండయిన క్రోటన్లు, సెలవు మీదున్న తులసులు, వాటి పక్కన రోగులు, వాళ్ల పక్కన నిరర్థక శ్వాసదారులు. మస్తాన్‌బీ కూతురు అందరికీ టీ కాచింది. కాలవ మీంచి గాలి వస్తోంది.

ఫణిభూషణంగారు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చారు. "నా మూలంగా మీరు బయట పడ్డారు," అన్నారు.

"మీరు చెప్పింది నిజమే కదా బాబూ," అంది మాణిక్యం. "నిజం చెప్పేముందు ఎదురుగా ఎవరున్నారో ఒకసారి చూసుకోవాలి. అంతే."

భ్రమరాంబ బాదం చెట్టుకేసి అనుమానంగా చూస్తోంది. "బాబూ, రాత్రిపూట చెట్టు కింద పడుకోకూడదంటారు పెద్దలు..."

"దేనికే భయం? దెయ్యానికా, కార్బన్ డయాక్సైడుకా?" అంది మాణిక్యం.

"ఏదైనా మన దగ్గరికి చెప్పి రాదు కదే!"

"భయం లేదండి," అన్నారు ఫణిభూషణంగారు. "ఇక్కడ గాలి ఒకచోట నిలవదు. ఆ చెట్టూ పీలుస్తుంది, మీరూ పీలుస్తారు. అందరికీ సరిపోయేంత ఉంది."

అయినా భ్రమరాంబ కొంగులు ముడేసింది. కానీ ఆస్పత్రికొచ్చాక మొదటిసారి తెల్లవార్లూ నిద్రపోయింది. పొద్దున్నే లేచి ముందు ముడి చూసింది, తరవాత చెల్లెలి ముఖం చూసింది. మాణిక్యం అప్పటికే లేచి కూర్చుని ఉంది. దగ్గు సగానికి సగం తగ్గింది.

"నీ గురక మాత్రం తగ్గలేదు," అంది.

తనిఖీ బృందం వచ్చి, మేకులు కొట్టిన కిటికీ అద్దంలోంచి ఖాళీ వార్డుని చూసింది. తాళం చెవి రంధ్రంలోంచి ఏదో గొట్టం దూర్చి గాలి కొలిచింది. లోపల పీల్చేవాడు ఒక్కడూ లేడు. ఇంత నిర్మలమైన వార్డుని తమ సర్వీసులో చూడలేదని మొదటి బహుమతి రాసి వెళ్లింది. పెరట్లో రోగులంతా చకచకా కోలుకోవడం కూడా వార్డులో గాలి బాగుండడం వల్లేనని నివేదికలో చేర్చారు. వామనమూర్తిగారికి రాజధానికి ప్రమోషనొచ్చింది. పూలదండతో కారెక్కుతూ, "ఇదే సూత్రాన్ని ఇక రాష్ట్రమంతటా అమలుచేస్తాను," అన్నారు. నూకరత్నం రాష్ట్రమంతటికోసం ఓ దణ్ణం పెట్టింది.

కొత్త సూపరింటెండెంటు వచ్చి ముందు మేకులు పీకించాడు. సర్క్యులరు లేకుండా పీకినందుకు ఆయనకి సంజాయిషీ నోటీసొచ్చింది. కిటికీలు మాత్రం తెరిచే ఉన్నాయి. తులసి కుండీలు ఎవరివి వాళ్లింటికి వెళ్లిపోయాయి.

మాణిక్యం ఇంటికొచ్చేసరికి దూది ఎక్కడున్నది అక్కడే ఉంది. "చూశావా, లాక్కొచ్చింది," అంది భ్రమరాంబ. మాణిక్యం మిగతా వత్తులు చేసేసింది. కార్తీకమంతా ఇద్దరూ కలిసి దీపాలు పెట్టారు.

మరుసటేడు దసరా వెళ్లాక మాణిక్యానికి మళ్లీ నెమ్ము చేసింది. భ్రమరాంబ ఫ్లాస్కు, రెండు నేత చీరలు, వెలగని టార్చిలైటు సంచిలో సర్దింది. దూది సగంలోనే ఉంచింది. వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు, రాత్రులు ఉండద్దని ఎవరూ అనలేదు. నాగులచవితి మర్నాడు తెల్లవారుజామున, కొంగులు ముడేసి ఉండగానే, మాణిక్యం పోయింది. ఈసారి సగం దూది మనిషిని ఇంటికి లాక్కురాలేదు.